ఉత్పన్నం కాదు

ప్రశ్న ఢిల్లీ నుంచి పదకొండింటికి దిగింది.
మూడింటికల్లా జవాబు కావాలట.
నక్షత్రం గుర్తున్న ప్రశ్న,
అంటే మంత్రిగారు సభలో లేచి నిలబడి చెప్పాలి,
అంటే పట్నాయక్ గారికి ఈ పూట భోజనం లేదు,
అంటే నాకూ లేదు.

(అ) విశాఖ పాత ఊరి ఇండ్లపై బొగ్గుధూళి పడుచున్న సంగతి
ప్రభుత్వం దృష్టికి వచ్చినదా?
(ఆ) వచ్చినచో, వివరములు.
(ఇ) తీసుకొన్న చర్యలు.

రేవు ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా
ఇవే రాస్తున్నాను.
పూడిక మట్టి, లారీల బారులు,
చేపల జెట్టీలో ఐసు కొరత,
రిటైరైన కళాసీల ఆసుపత్రి బిల్లులు.
ఒకసారి లక్షద్వీప్ లైట్‌హౌసు ప్రశ్న
దారి తప్పి మాకొచ్చింది.
దానికీ జవాబు రాశాను.
ఎవరూ పోల్చుకోలేదు.

నా దగ్గర మాటలు
పచారీ కొట్లో పొట్లాల్లా కట్టి ఉంటాయి.
"పరిశీలనలో ఉన్నది."
"ఎప్పటికప్పుడు సమీక్షింపబడుచున్నది."
"సమాచారం సేకరించి సభ ముందుంచబడును."
అన్నిటికన్నా చవకది, అన్నిటికన్నా గట్టిది
"ఉత్పన్నం కాదు."
(అ)కి లేదు అని రాస్తే చాలు
(ఆ), (ఇ) కడుపులోనే పోతాయి.
పురుడూ లేదు, పెద్దకర్మా లేదు.

ఈసారి (అ) దగ్గరే
కలం నిలబడిపోయింది.

మా ఇల్లు కోటవీధి వెనక సందులో.
రాత్రి కడిగిన గచ్చు మీద
తెల్లారి నా అరికాళ్లు నన్ను పట్టిస్తాయి.
పక్కడాబా మీద గరికిన దానమ్మ
ఎండేసిన నెత్తళ్లు సాయంత్రానికి రంగు మారతాయి.
బేరానికొచ్చినవాళ్లు గోటితో గీకి చూసి
ధర అడక్కుండా వెళ్లిపోతారు.
"నువ్వు పోర్టులోనే కదేటి బావూ,
మా గోడు డిల్లీవోలికి తెల్దేటి?"
అని పోలేరమ్మ పండగప్పుడు అడిగింది.
"రాస్తానప్పా" అన్నాను.

రాయలేదు.
ఇప్పుడామె మాటనే ఎవరో
ఇస్త్రీ చేసి, నంబరు వేసి
నా బల్ల మీదకి తిరిగి పంపారు.

రెండు దాటింది.
"కొలతలు పరిమితిలోనే ఉన్నాయి కదా, దించెయ్యండి"
అన్నారు పట్నాయక్ గారు.
దించాను. అంకెలు నిజమే.
ఏ పూట గాలి ఎటు మళ్లిందో
ఆ మిషన్ని ఎవరూ అడగలేదంతే.
తర్వాత వెనక్కెళ్లి
(అ) ఎదురుగా ఒక్క మాట రాశాను.
వచ్చినది.

ఆయన చదివారు.
కళ్లజోడు తీశారు, పెట్టుకున్నారు.
కిటికీ చెక్క మీద వేలితో ఒక గీత గీసి
ఆ వేలు కాసేపు చూసుకుని
సంతకం పెట్టారు.
పెన్ను మూత పెట్టడం మర్చిపోయారు.

పది రోజుల తర్వాత టీవీలో చూశాం.
మా ప్రశ్న ఆరోది.
రెండోదాని దగ్గరే గొడవ, అరుపులు, కాగితాల వాన.
సభ వాయిదా.
జవాబు బల్ల మీద ఉంచినట్టుగా భావించారు.
ఏ బల్లో, దాని మీద ఎంత దుమ్ముందో.

ఆ రాత్రి దానమ్మ పిట్టగోడ దగ్గర నిలబడి ఉంటే
చెప్పాను, కొంచెం గర్వంగానే:
"వాళ్ల దృష్టికి వచ్చిందని రాశానప్పా."
ఆమె తట్ట కింద పెట్టింది.
"వొస్తే?
వొస్తే ఏటవుద్ది?"

దీన్ని మా భాషలో అనుబంధ ప్రశ్న అంటారు.
దీనికి ముందుగా నోటీసు ఉండదు.
నా దగ్గర పొట్లమూ లేదు.

నేను గోడ గీరుతూ నిల్చుంటే
జాలిపడిందో ఏమో,
గుప్పెడు నెత్తళ్లు కాగితంలో చుట్టి ఇచ్చింది.
"రెండు నీళ్లు కడుక్కో బావూ" అంది.
మెట్లు దిగుతుంటే వెనక నుంచి మళ్లీ,
"రెండు కాదు,
మూడు."